తెల్లదానికి కొన్న మిషను

మొన్న నాచారంలో ఒక ఫంక్షన్ హాలు బయట, గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు కనిపించారు. పాత అలవాటు కదా, దగ్గరికి వెళ్ళి గుర్రం మెడ మీద చెయ్యి వేశాను. ఎవడో ముసలాడనుకుని మొదట గదమాయించారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేసి మానేశానని చెబితే మెత్తబడ్డారు. మాటల్లో మాటగా, గుర్రానికి జుట్టు తీసే కరెంటు మిషను కొనాలనుకుంటున్నామని, తక్కువలో వచ్చి చాలా కాలం ఉండేది ఏదో చెప్పమని అడిగారు. ఫోనులో బొమ్మలు కూడా చూపించారు.

రెండు ముక్కలు చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చాక అసలు సంగతి చెప్పలేదే అనిపించింది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. ఇంతకుముందు దాణా చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఏది ముందు చెప్పాలో ఏది వెనక చెప్పాలో తెలియక రెండు కాగితాలు చించేశాను కూడా. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రాష్ట్రం రాకముందు సంగతి ఇది. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వుతున్నారు. మా షెడ్డు నాచారం వైపు, ఫ్యాక్టరీల వెనక సందులో ఉండేది. రేకుల కప్పు కింద నాలుగు గుర్రాలు. పెళ్ళికొడుకుని ఎక్కించుకుని బ్యాండు వెనక నడవడమే వాటి పని. వాటికి మేం పేర్లు పెట్టలేదు. తెల్లది, చుక్కది, పొట్టిది, ముసలిది, అంతే. మా సేటుకు ఉప్పల్‌లో పెళ్ళి సామాను కిరాయికిచ్చే దుకాణం ఉండేది. శుక్రవారం శుక్రవారం షెడ్డుకు వచ్చేవాడు. పేడ వాసన పడక, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూసి పోయేవాడు.

షెడ్డులో పనిచేసేది ఇద్దరం, నేనూ మామా. మామ నాకు చుట్టం కాదు. పెద్దవాడు కాబట్టి సేటుతో సహా అందరం అలాగే పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు పందెం గుర్రాల దగ్గర పనిచేశాడు. మాట తక్కువ. మాట్లాడని మనిషి కడుపులో ఏముందో ఎలా తెలుస్తుంది? నాకు ఆయన మీద మొదటినుంచీ అనుమానమే.

ఇక తెల్లదాని గురించి. దాన్ని కొన్నది నేను. పెళ్ళివాళ్ళు తెల్ల గుర్రమే కావాలంటారు కాబట్టి, ఒంటి మీద ఒక్క మచ్చ లేని ఆడగుర్రాన్ని చూసి తెమ్మని సేటు నన్ను మహారాష్ట్ర వైపు సంతకు పంపాడు. పళ్ళు చూశాను, గిట్టలు చూశాను, పరిగెత్తించి చూశాను. పాల నురగలా ఉంది. కొని లారీలో తెస్తుంటే దారిలో వాన కొట్టింది. షెడ్డులో దించేసరికి పిర్రల మీదా మెడకు రెండు పక్కలా బూడిద రంగు తేలింది. అమ్మినవాడు సుద్ద పూసి అమ్మాడు.

పొద్దున్నే సేటు చూడడానికి వస్తానన్నాడు. నా ఉద్యోగం పోతుందని భయం వేసింది. కిరాణా కొట్టుకు వెళ్ళి ముగ్గు పిండి తెచ్చాను. వాకిట్లో వేసే రాతి ముగ్గే. అందులో ముఖానికి వేసుకునే పౌడరు కలిపి గుర్రానికి రుద్దాను. సేటు వచ్చి, మంచి సరుకు తెచ్చావని వీపు తట్టాడు. అప్పటినుంచి రెండేళ్ళు ప్రతి శుక్రవారం పొద్దున, ప్రతి పెళ్ళి ఊరేగింపు బరాత్‌కు ముందు, అదే పని. సంతలో మోసపోయింది నేను, ఆ మోసాన్ని రెండేళ్ళు నడిపించిందీ నేనే. అయినా ఆ సంత తర్వాత నాకు లోకంలో అందరూ సుద్ద పూసుకుని తిరుగుతున్నట్టే కనిపించేవాళ్ళు.

నేను ముగ్గు రుద్దడం మామ చూశాడు. ఒక్క మాట అనలేదు. ఎప్పుడో నా మీద వాడుకోవడానికి దాచుకున్నాడనుకున్నాను.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. తెల్లదాని వీపు మీద, జీను కింద, పక్కులు కట్టడం మొదలైంది. గోకితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేది. సైనిక్‌పురిలో మిలిటరీ నుంచి రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన ఉండేవాడు. సేటు ఆయన్ని పిలిపించాడు. డాక్టరు వేలితో ఒక పక్కు లేపి చూసి, జుట్టు కింద తడి నిలిచి చర్మం చెడిందని చెప్పాడు. వీపు, మెడ, పిర్రలు, మొత్తం జుట్టు పొట్టిగా తీసేసి మందు పూస్తే నయమవుతుందన్నాడు. మా దగ్గర మంగళ్ళు వాడే లాంటి చేతి మిషను ఉండేది. అది జుట్టును పీకుతుంది, పుండు మీద వద్దు, కరెంటుది కొనండి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

"దీని ఒంటికి ఏమైనా పూస్తున్నావా?"

"ఏం లేదు సార్. నీళ్ళే."

మామ పక్కనే ఉన్నాడు. గడ్డి సర్దుతున్నవాడు ఒక్కసారి ఆగి, మళ్ళీ సర్దుకున్నాడు.

డాక్టరు వెళ్ళాక సేటు గుమ్మంలో నిలబడి తన మాట చెప్పాడు. "కార్తీకం ముహూర్తాల లోపల నయం గావాలె. లేకుంటే ఇటుక బట్టీకి ఇచ్చేస్త. నాలుగు గుర్రాలకు అంటుకుంటే నేను మునుగుత."

బట్టీకి పోయిన గుర్రం ఏమవుతుందో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఇటుకల బండి లాగి లాగి రెండు మూడేళ్ళలో కూలబడుతుంది. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. సుద్ద పూసుకుని వచ్చినా సరే, అది నన్ను చూడగానే చెవులు ముందుకు పెట్టేది. ఇంకే గుర్రమూ నాకు అలా పెట్టలేదు.

మిషను కొనడానికి సేటు నన్నూ మామనూ రాణీగంజ్ పంపాడు. ఎలా చూసి కొనాలో డాక్టరు ముందే చెప్పాడు. చెయ్యి చాచి కాసేపు పట్టుకుని చూడండి, బరువుకు చెయ్యి గుంజకూడదు. నడిపించి చెంపకు ఆనించుకోండి, మీ చెంప ఓర్చుకోలేని వేడి గుర్రం కూడా ఓర్చుకోదు. అన్నిటికంటే ముందు, బ్లేడు మొద్దుబారితే మీ దగ్గర్లో సాన పట్టేవాడు ఉన్నాడో లేదో చూసుకోండి. ఆ డాక్టరుకు ఏదైనా దుకాణంలో కమీషన్ ఉందేమోనని నాకు అనుమానం వచ్చింది. కానీ ఆయన ఏ దుకాణం పేరూ చెప్పలేదు.

దుకాణాయన మూడు మిషన్లు బయట పెట్టాడు. మొదటిది మంగలి షాపుల్లో వాడేది. అన్నిటికంటే చవక. మామ నడిపించి చెంపకు పెట్టుకున్నాడు, కాసేపటికే ముఖం పక్కకు లాక్కున్నాడు. రెండోది ఫారిన్‌ది. పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా నడిచింది. కానీ దాని ధర నా నెల జీతం దాటిపోయింది, పైగా బ్లేడు పోతే బయటి దేశం నుంచే రావాలి. మూడోది ఇనుప రంగులో మొరటుగా ఉంది. చప్పుడు ఎక్కువ, బరువూ కొంచెం ఎక్కువే. అయితే వేడి నెమ్మదిగా ఎక్కింది, బ్లేడు ఎంత బిగువుగా ఉండాలో తిప్పుకునే మర ఉంది, బ్లేడ్లు రెండు జతలు వచ్చాయి. అలాంటి బ్లేడ్లకు నాచారంలో సాన పడతారని మామ చెప్పాడు.

నాకు నమ్మకం కుదరలేదు. చూపించడానికి మంచిది పెట్టి డబ్బాలో వేరేది ఇస్తాడని, చూపించిందే కావాలన్నాను. మళ్ళీ, అందరూ వాడి చూసింది నాకెందుకని డబ్బాలోదే కావాలన్నాను. రెండూ విప్పించాను. బ్లేడ్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాను, ఏం చూడాలో తెలియకపోయినా.

మామ మళ్ళీ నోరు తెరిచాడు. "పిల్లను సూడవోయిననాడు గూడ ఇన్ని ప్రశ్నలు అడగలేదంట గద అల్లుడా."

దుకాణాయన నవ్వి, డబ్బా కడుతూ చెప్పాడు. "గుర్రాన్ని సబ్బుతోని కడిగి, మంచిగ ఆరినంకనే మిషను పెట్టాలె. ఒంట్ల దుమ్ముంటే బ్లేడుకు నాది జిమ్మేదారీ లేదు."

ఇప్పటినుంచే తప్పించుకునే దారి వేసుకుంటున్నాడు అనుకున్నాను.

గుర్రాన్ని మిషనుకు అలవాటు చేయడం మామ పని. తెల్లది బ్యాండుకు బెదరదు, పటాకులు పేలినా కదలదు. ఈ చిన్న మిషను గుర్రుమంటే మాత్రం గోడకు నక్కేది. మామ బ్లేడ్లు తీసేసి, దాణా తొట్టి పక్కన మేకుకు మిషను తగిలించి, ఉలవలు పెట్టినంత సేపూ దాన్ని నడిపించాడు. ఉత్తగా మోటారు అరగదీస్తున్నాడని నేను గొణిగాను. నాలుగో రోజుకు మిషను చప్పుడు వినపడితే ఉలవలకోసం మెడ చాపడం మొదలుపెట్టింది తెల్లది.

శుక్రవారం జుట్టు తీయాలనుకున్నాం. సేటు చూడడానికి వస్తానన్నాడు. సేటు వస్తున్నాడంటే నా చేతులు వాటంతట అవే ముగ్గు డబ్బా దగ్గరికి పోయాయి. ఆయన రాకముందే రుద్దేశాను.

మామ బకెట్‌తో నీళ్ళు తెచ్చి, కడుగుదామా అని అడిగాడు. తడి తగలొద్దని డాక్టరు అన్నాడు కదా అన్నాను. ఆయన నా గోళ్ళ వైపు చూశాడు. తెల్లగా ఉన్నాయి. బకెట్ పక్కన పెట్టేశాడు.

ఒక చాయ్ తాగేంత సేపు మిషను బాగా కోసింది. తర్వాత పట్టుకోవడం మొదలైంది. జుట్టును కోయడం మానేసి లాగింది. ఒక పక్కు లేచి నెత్తురు వచ్చింది. తెల్లది ఎగిరి బకెట్‌ను తన్నింది. రెండో జత బ్లేడ్లు వేశాను. అవీ అంతే. వీపు మీద సగం జుట్టు పోయి సగం ఉండి, గుర్రం ఎలుకలు కొరికిన బొంతలా తయారైంది. సేటు గుమ్మంలోంచి చూసి, వచ్చే శుక్రవారం బట్టీ మనిషిని తీసుకొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారం నేను అనుమానించనిది లేదు. మొదట కరెంటు. రోజూ కోతలు కదా, వోల్టేజీ తక్కువైందేమో. తర్వాత మెట్రో గుంతల దుమ్ము. తర్వాత దుకాణాయన. బస్సెక్కి ఒక జత బ్లేడ్లు పట్టుకుపోయి పోట్లాడాను. ఆయన వేలితో తడిమి, ఇవి జుట్టును కోసిన బ్లేడ్లు కావు, ఇసుకను కోసినట్టున్నాయి అన్నాడు. దొంగ సరుకు అంటగట్టావని అరిచి వచ్చేశాను.

వచ్చి డబ్బా తెరిస్తే, రెండో జత లేదు.

అప్పుడు నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. రాణీగంజ్ నుంచి డబ్బా మోసుకొచ్చింది మామ. బ్లేడ్లు తీసి పెట్టింది మామ. చేతి మిషనుతో బతికినవాడికి కరెంటు మిషను వస్తే గిట్టదు. మంచి బ్లేడ్లు మార్చేసి పాతవి పెట్టి ఉంటాడు, ఇప్పుడు అవి కూడా మాయం చేశాడు. షెడ్డులో ఒక్క మాట కూడా అడగకుండా నేరుగా ఉప్పల్ వెళ్ళి సేటుకు చెప్పాను. ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను.

మర్నాడు సేటు వచ్చాడు. "మామా, బ్లేడ్లేవి?"

"ఉన్నయ్ సేటు. రెండు దినాలు ఆగుండ్రి."

"ఏడున్నయ్?"

మామ సేటును చూడలేదు. నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే నాకు మరీ అనుమానంగా అనిపించింది. రెండు దినాలు, అని మళ్ళీ అన్నాడు.

"నమ్మకం లేనికాడ పని వద్దు మామా. ఇంటికి పో," అన్నాడు సేటు.

మామ మేకుకు ఉన్న తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు. టిఫిను డబ్బా పట్టుకుని, పోతూ పోతూ నాతో చెప్పిందల్లా ఒకటే, ఉలవలు నానబెట్టాను, సాయంత్రం ఉడకబెట్టు అని.

బుధవారం మిగిలిన జత బ్లేడ్లు తీసుకుని నాచారంలో సాన పట్టే షెడ్డుకు వెళ్ళాను. ఫ్యాక్టరీలకు కట్టర్లు పదును పెట్టే మనిషి ఆయన. జత బ్లేడ్లు విడదీసి, రెంటి మధ్యలో ఉన్నదాన్ని గోటితో గీకి, తన నల్లటి నూనె గుడ్డ మీద తుడిచాడు. గుడ్డ మీద తెల్ల గీత పడింది.

"గుర్రాన్ని గొరిగిన్రా, వాకిట్ల ముగ్గు గొరిగిన్రా?" అని అడిగాడు.

రాతిపిండి బ్లేడు మధ్యలో పడితే ఎంత మంచి ఇనుమైనా పది నిమిషాలు ఆగదని ఆయన చెబుతున్నాడు. నేను ఆ గీతనే చూస్తున్నాను. దాన్ని రుద్దింది ఈ చేతులే.

ఆయన బల్ల కింద నుంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. "మీ షెడ్డు పెద్దమనిషి శనివారం ఇచ్చిపోయిండు. తయారైనయ్, తీస్కపో. తీస్కపోనీకి మీ పిల్లగాడు వస్తడు, గుర్రాన్ని కడిగి ఆరినంకనే కొయ్యమని జెప్పు అన్నడు."

పిల్లగాడు అంటే నేనే. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి.

బ్లేడ్లు నాచారంలో ఉన్నాయని ఆ రోజు మామ ఎందుకు చెప్పలేదో నడిచి వస్తుంటే తెలిసింది. అక్కడున్నాయంటే, ఎందుకు మొద్దుబారాయని సేటు అడుగుతాడు. దానికి జవాబు ముగ్గు. ముగ్గు బయటపడితే పోయేది నా పని. నాది పోకుండా, అడిగినదానికి జవాబు చెప్పక, తన పని పోగొట్టుకున్నాడు.

మిమ్మల్ని మోసం చేయకుండా ఒకటి చెప్పాలి. దారిలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఎవరూ చూడకుండా రేపే గుర్రాన్ని కడిగి, జుట్టు తీసి, మళ్ళీ కొంచెం ముగ్గు రాస్తే సరిపోతుంది. తెల్లది బతికిపోతుంది, నా పనీ ఉంటుంది. గురువారం పొద్దున బకెట్ కూడా పట్టుకున్నాను. గడ్డి మోపు దించుతూ, అలవాటుగా మామను కేకేశాను, రెండో కొస పట్టుకోమని. షెడ్డులో ఎవరూ లేరు. బకెట్ అక్కడే బోర్లించి, శుక్రవారం దాకా ఆగాను.

శుక్రవారం సేటు, బట్టీ మనిషి కలిసి వచ్చారు. నేను పైపు పెట్టి, సబ్బు రాసి, తెల్లదాన్ని కడగడం మొదలుపెట్టాను. నీళ్ళు తెల్లగా కాలువలోకి పారాయి. బట్టీ మనిషి వంగి చూసి, "గిదేంది, పాలు గారుతున్నయ్," అన్నాడు. పిర్రల మీద బూడిద రంగు వచ్చింది. తర్వాత మెడ మీద. సేటు ముక్కు మీది దస్తీ తీశాడు. నాకు తెలిసి మొదటిసారి గుమ్మం దాటి లోపలికి, పేడలోకి, నడిచి వచ్చాడు. పిర్ర మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి చూసుకున్నాడు.

"ఎన్నొద్దులాయె?"

"కొన్నకాడికెల్లి సేటు. రెండేండ్లు."

"మామకు ఎరికేనా?"

"ఎరికే. బ్లేడ్లు గూడ సాన వట్టనీకి ఇచ్చిండు. నేనే దొంగతనం అంటగట్టిన."

అక్కడే పని పోయిందని నేను తువ్వాలు కోసం చూసుకుంటున్నాను. సేటు బట్టీ మనిషితో, ఈ రోజు బేరం లేదని చెప్పి పంపేశాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "పోయి మామను తోల్కరా. మిషను ఆయన వట్టుకుంటడు. నువ్వు గుర్రం తాడు వట్టుకో."

మామ ఇల్లు చెంగిచెర్లలో. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చెప్పుకు కుట్టు వేసుకుంటున్నాడు. దారంతా ఏమేం అనాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను. ఆయన్ని చూడగానే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆయనే అడిగాడు. "కడిగినవా?"

"కడిగిన మామా. సేటు ముంగటనే."

సూది ఆగింది. తలెత్తి నా ముఖం చూశాడు.

"ఆరిందా?"

"లే. ఇంక తడిగనే ఉంది."

"అయితే తొందరేముంది, కూసో," అని లోపలికి తిరిగి, ఇద్దరికి చాయ్ పెట్టమని కేకేశాడు.

సాయంత్రం ఎండ ఉండగానే జుట్టు తీయడం అయిపోయింది. మామ మిషను పట్టుకున్నాడు, నేను తాడు పట్టుకున్నాను. ఆ ఇనుప రంగు మిషను ఒక్కసారి కూడా జుట్టును పట్టుకోలేదు. మధ్యమధ్య ఆపి చెంపకు పెట్టుకుని వేడి చూసేవాడు, బ్లేడుకు రెండు చుక్కలు నూనె వేసేవాడు. మందు వాసన వల్లా, జుట్టు పోవడం వల్లా తెల్లది ఆ ఏడు పెళ్ళిళ్ళకు పోలేదు, కానీ బట్టీకీ పోలేదు. మళ్ళీ చూడడానికి వచ్చిన డాక్టరుకు నిజం చెప్పాను. ముగ్గు తడిని పట్టి ఉంచడం వల్లే చర్మం అంతలా చెడి ఉంటుందని, అడిగిన రోజే చెప్పి ఉంటే అసలు మిషను కొనే పనే ఉండేది కాదేమోనని అన్నాడు. బూడిద మచ్చలు చూసి ఇంకోటి కూడా చెప్పాడు. ఇలాంటి గుర్రాలు వయసు పెరిగేకొద్దీ వాటంతట అవే తెల్లబడతాయట. నిజంగానే, రాష్ట్రం వచ్చిన ఏడు దాని ఒంటి మీద బూడిద వెతికినా దొరకలేదు.

సేటు నన్ను తీసేయలేదు. ఏడాదిపాటు బరాత్‌కు పంపలేదు, పేడ ఎత్తించాడు. అది న్యాయమే. మామ మాత్రం దొంగతనం మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఏదో ఒక రోజు, నలుగురిలో, అంటాడని చాలా ఏళ్ళు అనుమానపడ్డాను. ఆయన పని మానేసిన రోజు కూడా, ఇవాళ అంటాడేమోనని దగ్గరే తిరిగాను. అనలేదు. మిషను నా చేతిలో పెట్టి, మర కొంచెం వదులైంది చూసుకో అన్నాడు.

బాబూ, ఫంక్షన్ హాలు దగ్గర మీరు అడిగిన మాటకు వస్తాను. మరీ చవకది కొనకండి, మరీ ఖరీదైనదీ అక్కర్లేదు. సాన పట్టే మనిషి మీకు దగ్గర్లో ఉన్న బ్లేడు కొనండి. చెంపకు పెట్టుకుని చూడండి. దుకాణాయన చెప్పేది వినండి. మొదటిసారి నడిపించే ముందు గుర్రాన్ని మీ చేతులతో మీరే కడగండి. ఆ రోజు నేను మెడ మీద చెయ్యి వేసి తీసినప్పుడు నా అరచెయ్యి తెల్లగా అయింది. మీ ఇద్దరిలో రుద్దింది ఎవరో తెలియక, ఒకరి ముందు ఇంకొకరిని అనడం బాగుండదని చెయ్యి జేబులో పెట్టుకుని వచ్చేశాను.